బరంపురంలో రెండ్రోజుల పిచ్ క్లాసు, 2,500 పెట్టొచ్చా? వెళ్ళొచ్చాక నా రివ్యూ

పిచ్ అంటే మన బిజినెస్ ఐడియాని నిముషంలో చెప్పి ఒప్పించడం. ముందే చెప్పేస్తున్నా, 5కి 3 స్టార్లు. ఆ మూడూ కూడా రెండోరోజు భోజనాలయ్యాక జరిగిన రెండు గంటలకే ఇచ్చా, మిగతా క్లాసుకి అయితే ఒకటి ఇద్దును, అదీ దాల్మా (కూరగాయలేసిన ఒడియా పప్పు) బావుందని. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను, కింద అడగొద్దు. అక్కడ చెప్పినవాళ్ళలో ఒకాయన నిజంగా మంచి మాస్టారు, ఆయన్ని ఇరకాటంలో పెట్టడం నాకిష్టం లేదు. పైగా ఇప్పుడు ఇలాంటి క్లాసుల బోర్డులు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి, అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయనుకుంటా, కాబట్టి లోపల ఏం జరుగుద్దో రాస్తా, మీరే చూసుకోండి.

అసలు నాకు ఈ క్లాసు ఎందుకు కావాల్సొచ్చిందో చెప్పాలి. మాది పర్లాకిమిడి. మా అమ్మవాళ్ళది కొండ దిగువ ఊరు, జీడితోటలు. మార్చి నుంచి మే దాకా తోటలోకి వెళ్తే కాలి కింద పండ్లే. పిక్క మెలిపెట్టి తీసేసుకుంటారు, పండు అక్కడే పడేస్తారు. పిక్కలు బస్తాల్లో పలాస పోతాయి, పండ్లు ఈగలకి, ఆవులకి. మధ్యాహ్నానికి తోటంతా పులిసిన వాసన. ఆ పండు బరువు పిక్క బరువుకి ఐదు నుంచి పది రెట్లు ఉంటుంది, అంటే రైతు ఇంటికి తెచ్చుకునేదాని కంటే నేలమీద వదిలేసేదే ఎక్కువ. సి విటమిన్ చూస్తే నారింజ దాని ముందు ఎందుకూ పనికిరాదు. కానీ కోసిన రోజే వాడాలి, తెల్లారితే పాడు, తింటే వగరు, గొంతు పట్టేస్తుంది. మా అమ్మమ్మ ఏం చేసేదంటే పండు పిండి ఆ రసంలో పల్చటి గంజి పోసి కదపకుండా ఉంచేది, కాసేపటికి వగరంతా గంజితో కలిసి అడుక్కి దిగిపోయేది, పైన తేట తీసి బెల్లం వేసి ఇచ్చేది. గోవావాళ్ళు ఇదే పండుతో ఫెని కాస్తారు, దానికి 2009లో జీఐ ట్యాగ్ (ఫలానా చోటి సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. మనకి సారా గోల వద్దు, స్క్వాష్ చాలు అనుకున్నా. అదీ నా ఐడియా.

కేంద్రం స్కీము ఒకటుంది కదా, చిన్న ఫుడ్ యూనిట్లకి, పీఎంఎఫ్ఎంఈ అంటారు, ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, 10 లక్షలు దాటకుండా. దానికోసం ఫైలు పట్టుకుని బ్యాంకుకి వెళ్ళా. మేనేజరు గారు ఫైలు పక్కన పెట్టి, "రెండు ముక్కల్లో చెప్పమ్మా, ఏటి చేస్తావు?" అన్నారు. నేను తోట దగ్గర మొదలెట్టి అమ్మమ్మ దాకా వచ్చేసరికి ఆయన ఫోను రెండుసార్లు మోగింది, క్యాషియరు వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్ళాడు, ఇంక నేను అసలు విషయానికి వచ్చేలోపు "సరేనమ్మా, మళ్ళీ రండి" అయిపోయింది. బయటికొచ్చి మెట్లమీద నిలబడి చూసుకుంటే లోన్ ఎంత కావాలో చెప్పనేలేదు. తప్పు ఆయనది కాదు, ఆయన రెండు ముక్కలే అడిగారు, నేను పురాణం విప్పా.

అప్పుడు మా ఆడపడుచు కొడుకు ఈ క్లాసు పోస్టరు పంపాడు. "బిజినెస్ ఐడియాని 60 సెకన్లలో అమ్మండి", రెండ్రోజులు, 2,500, భోజనం సర్టిఫికెట్‌తో సహా. అత్తయ్యకి చెప్తే "మాటాడ్డం నేర్చుకోడానికి రెండువేల ఐదొందలా, నీకింకా నేర్పాలా" అంది.

మొదటిరోజు. పొద్దున్న ఐదింటి బస్సు ఎక్కి వెళ్ళా, హోటల్లో హాలు, ఏసీ చలికి సగంమంది కొంగులు, తువాళ్ళు కప్పుకుని కూర్చున్నారు. ముప్పైమంది దాకా ఉన్నాం. సగంపైన ఒడియా వాళ్ళు, పది పన్నెండుమంది మన తెలుగోళ్ళు, ఇద్దరు మార్వాడీ కుర్రాళ్ళు. చెప్పింది మాత్రం పూర్తిగా ఇంగ్లీషులో. ఆయన భువనేశ్వర్ నుంచి వచ్చారట, సూటు, చెవికి మైకు, అడుగు అటేసి ఇటేసి, "ఆర్ యూ విత్ మీ?" అని ప్రతి ఐదు నిముషాలకీ. మేం ఎవ్వరం ఆయనతో లేం.

ఎలివేటర్ పిచ్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పారు, లిఫ్టులో పెద్ద మనిషి దొరికితే ఆయన అంతస్తు వచ్చేలోపు చెప్పేయాలి, అంత చిన్నదిగా ఉండాలి అని. లిఫ్టుకి సేఫ్టీ బ్రేకు కనిపెట్టిన ఓటిస్ కథ కూడా చెప్పారు, ఇది మాత్రం నాకు నచ్చింది: 1854లో న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో ఓటిస్ తను నిలబడ్డ లిఫ్టు తాడుని అందరూ చూస్తుండగా కోయించాడు, లిఫ్టు కింద పడలేదు, సేఫ్టీ బ్రేకు పట్టేసింది, ఇంక ఆయన వేరే చెప్పుకోవాల్సింది ఏముంది. బావుంది. కానీ నాలాంటిదానికి లిఫ్టులో పెద్దమనిషి ఎక్కడ దొరుకుతాడు బాబూ, మా ఊళ్ళో లిఫ్టులు వేళ్ళమీద లెక్కెట్టొచ్చు. నాకైతే పలాస స్టేషన్లో జీడిపప్పు అమ్మేవాళ్ళు గుర్తొచ్చారు. రైలు ఆగేదే కాసేపు, ఆ కాసేపట్లో కిటికీ దగ్గరికొచ్చి ప్యాకెట్టు ముందు పెట్టేస్తారు, రేటు చెప్తారు, నువ్వు తల అడ్డంగా ఊపగానే ఇంకో రేటు చెప్తారు, రైలు కదిలేలోపు డబ్బులు వాళ్ళ చేతిలో ఉంటాయి. విజన్ లేదు, మిషన్ లేదు. వాళ్ళలో ఒకర్ని తెచ్చి నిలబెట్టుంటే మొదటిరోజు క్లాసు అరగంటలో అయిపోను.

తర్వాత గై కవాసాకి అనే ఆయన చెప్పిన 10/20/30 రూలు. పది స్లైడ్లు, ఇరవై నిముషాలు, అక్షరాలు ముప్పై సైజుకి తగ్గకూడదు. మంచి రూలే. ఆ రూలు ఉన్నది సారుగారి 41వ స్లైడులో, అక్షరాలు మూడో వరసలో నాకే కనపళ్ళేదు.

సాయంత్రం ఒక కాగితం ఇచ్చారు, ఖాళీలు నింపే టైపు, సమస్య, పరిష్కారం, మార్కెట్ సైజు, టీమ్, ట్రాక్షన్, ఆస్క్ అని. అందరం బుద్ధిగా నింపాం. నాది ఇలా వచ్చింది, సిగ్గుపడకుండా రాస్తున్నా: "గుడ్ ఈవినింగ్, వి ఆర్ ఏ విమెన్ లెడ్ సస్టైనబుల్ అగ్రి స్టార్టప్, ఫార్మర్స్ ఫేస్ చేస్తున్న పోస్ట్ హార్వెస్ట్ లాసెస్‌ని ఇన్నోవేటివ్ వాల్యూ అడిషన్ ద్వారా సాల్వ్ చేస్తున్నాం." సారు చప్పట్లు కొట్టించారు. నా పక్కన ఛత్రపురం కుర్రాడు, మొగలిపువ్వు అత్తరు వ్యాపారం అతనిది, మెల్లిగా నన్ను అడిగాడు, "నానీ, మీరు అమ్మేదేంటి?" అని. నానీ అంటే గంజాం వైపు ఒడియాలో అక్క. అతనికి అర్థం కాలేదనుకున్నా గానీ, తర్వాత ఆలోచిస్తే అందులో జీడిపండు అన్న మాటే లేదు!

ఇక్కడ ఒక ముక్క పక్కదారి. వాడుక భాషలోనే రాయాలి, చదువు చెప్పాలి అని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామ్మూర్తి పంతులుగారు మా పర్లాకిమిడి స్కూల్లోనే మాస్టారు. 1880లో చేరారు. కొండమీది సవరల భాష నేర్చుకుని వాళ్ళ భాషలో వాళ్ళకి పుస్తకాలు రాశారు. 1936లో ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటు కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన తిరిగిన ఊళ్ళో పుట్టి నేను బరంపురం హోటల్లో నిలబడి పోస్ట్ హార్వెస్ట్ లాసెస్ అంటున్నా. ఆ రాత్రి పిన్నివాళ్ళింట్లో పడుకుని ఇదే తలుచుకుని నవ్వొచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

రెండోరోజు పొద్దున్న టీవీలో షార్క్ ట్యాంక్ (ఐడియా చెప్పి పెట్టుబడి అడిగే షో) ముక్కలు చూపించారు, పన్నెండింటిదాకా అదే. ఇంట్లో ఫోన్లో ఊరికే చూసుకునేదానికి బస్సు చార్జీ పెట్టుకుని రావాలా. భోజనంలో అన్నం, దాల్మా, టమాటా ఖట్టా, చేప వేపుడు, బావుంది, అడిగి వడ్డించారు.

ఇంక భోజనాలయ్యాక వచ్చారు ఆ మాస్టారు. బ్యాంకులో లోన్ల సెక్షన్లో ఏళ్ళతరబడి చేసి రిటైరైన మనిషి, గుణుపురం వైపువారు, తెలుగు ఒడియా రెండూ ఇంటి భాషలే. మైకు తీసి పక్కన పెట్టేశారు, ప్రొజెక్టరు ఆపించేశారు, ఏసీ కూడా తగ్గించమన్నారు, దానికే సగం మార్కులు. "నా టేబులు ముందుకి రోజుకి ఇరవైమంది వచ్చేవాళ్ళు. సాయంత్రం ఇంటికెళ్ళాక అందులో ఇద్దరు ముగ్గురే గుర్తుండేవాళ్ళు. మీరు ఆ ఇద్దరు ముగ్గుర్లో ఉండాలి, అంతే పని" అన్నారు. తర్వాత ఒక ఆట ఆడించారు. జంటలుగా కూర్చోవాలి. నేను నా ఐడియా ఒక నిముషంలో పక్కవాళ్ళకి చెప్పాలి, కాగితం చూడకుండా, ఇంట్లో మాట్లాడే భాషలో. తర్వాత పది నిముషాలు వేరే కబుర్లు. పది నిముషాలయ్యాక పక్కవాళ్ళు నా ఐడియాని మూడోమనిషికి చెప్పాలి, నేను నోరు మూసుకుని వాళ్ళు చెప్పింది రాసుకోవాలి.

ఛత్రపురం కుర్రాడు నాది చెప్పాడు: "ఈ నానీ వాళ్ళూర్లో జీడిపండు నేలమీద పారేస్తారు. వగరు ఉంటుంది కదా, గంజి పోస్తే పోతుందట. అది షర్బత్ చేసి అమ్ముతుంది." మూడే ముక్కలు. నేను నిముషం పొడుగునా చెప్పిందాంట్లో విటమిన్ పోయింది, మహిళా సాధికారత పోయింది, గోవా పోయింది. పారేస్తారు, గంజి, షర్బత్ మిగిలాయి. మాస్టారు వచ్చి నా కాగితం చూసి, "ఇదేనమ్మా నీ పిచ్. మిగిలిందంతా నీ సంతోషం కోసం చెప్పుకున్నావు" అన్నారు.

ఆ కుర్రాడిదీ బాగా తేలింది. ముందురోజు "గంజాం కేవడాకి జీఐ ట్యాగ్ ఉంది, మొఘలుల కాలం" అని (కేవడా అంటే మొగలిపువ్వే) మొదలెట్టాడు. నాకు గుర్తున్నది ఒకటే, మొగలిపువ్వు తెల్లారగట్ల కోస్తే ఎండెక్కే కొద్దీ వాసన పోతుంది, బట్టీ దూరంగా ఉన్న రైతుకి సగం రేటే వస్తుంది, అందుకని ఇతను చిన్న బట్టీని బండిమీద తోట దగ్గరికే తీసుకెళ్తాడు. మాస్టారు అతన్ని ఆ వాసనతోనే మొదలుపెట్టమన్నారు. పట్టు చీరల పెద్దాయన ఒకరున్నారు, బరంపురం పట్టు, గోపురం అంచు గురించి ఎంత బాగా చెప్పారో, పక్కావిడకి గుర్తున్నదల్లా "చీరలు బావుంటాయి" అని. పాపం ఆయన చిన్నబుచ్చుకున్నారు. మాస్టారు ఆయన్ని వదల్లేదు, "ఎవరు కొంటారు బాబూ? పేరు పెట్టి ఒక మనిషిని చెప్పండి" అని నాలుగుసార్లు అడిగారు, నాలుగోసారికి ఆయన "హైదరాబాద్‌లో సెటిలైన మనోళ్ళు, పెళ్ళికి బరంపురం చీరే కావాలని ఫోన్ చేస్తారు, ఎవరిదగ్గర కొనాలో తెలీదు" అన్నారు. హాలంతా అప్పుడు లేచి కూర్చుంది.

నన్ను అడిగింది లెక్క. "స్క్వాష్ అని లేబులు వేయాలంటే పండురసం ఎంత శాతం ఉండాలి?" 25 శాతం తగ్గకూడదని నాకు తెలుసు, చెప్పా. నేను 40 శాతం వేస్తానని కూడా చెప్పా. "పది కిలోల పండుకి ఎన్ని సీసాలు?" ఇది నేను ఇంట్లో చేసి చూసిందే, పది కిలోలు పిండితే ఆరు లీటర్లు వచ్చింది, 40 శాతం లెక్కన పదిహేను లీటర్ల స్క్వాష్, 700 మిల్లీలీటర్ల సీసాలు ఇరవై ఒకటి. పండుకి రైతుకి కిలో 5 రూపాయలు ఇస్తా. పంచదార, సీసా, లేబులు, గ్యాసు, కూలి అన్నీ కలిపి సీసాకి 55 పడుతుంది, షాపుకి 90కి వేస్తా. ఇవన్నీ నాకు నోటికొచ్చు, అయినా బ్యాంకులో ఒక్కటీ బయటికి రాలేదు. "మరి ఇవి చెప్పవేటమ్మా, సాధికారత ఎందుకు?" అన్నారు.

ఇంకో పెద్ద విషయం. మొదటిరోజు సూటు సారు, సబ్సిడీ ముందే మన అకౌంట్లో పడుతుంది, దాంతో మొదలెట్టేయొచ్చు అన్నట్టు చెప్పి వెళ్ళిపోయారు. మాస్టారు అది విని తల పట్టుకున్నారు. అలా రాదు, లోనుతో ముడిపడి వస్తుంది, ముందు మన వాటా కనీసం 10 శాతం పెట్టుకోవాలి, బ్యాంకు లోన్ ఇవ్వాలి, సబ్సిడీ బ్యాంకులోనే వేరే ఖాతాలో ఉంటుంది, మూడేళ్ళు లోన్ సరిగ్గా నడిస్తే అప్పుడు అందులో సర్దుతారు. అంటే పిచ్ చివర "నాకు సబ్సిడీ ఇప్పించండి" అని అడిగితే మేనేజరుకి ఏం తెలుస్తుందంటే ఈవిడకి స్కీమే తెలీదు అని. అడగాల్సింది లోను, ఎంత, దేనికి, ఎలా కడతావు. 2,500 కట్టి వచ్చినవాళ్ళకి ఇంత ముఖ్యమైనది తప్పు చెప్పడం ఏం పద్ధతో, రెండు స్టార్లు కోసింది ఎక్కువగా దీనికే.

చివరికి నాది ఇలా తేలింది, ఫోన్లో టైము పెట్టుకుని చూస్తే 42 సెకన్లు:

"సార్, మా తోటల్లో జీడిపిక్క తీసుకుని పండు పారేస్తారు. పిక్క కంటే పండే ఎక్కువ బరువు. వగరు కాబట్టి ఎవరూ తాగరు. మా అమ్మమ్మ గంజితో వగరు తీసేది, నేను అదే పద్ధతిలో స్క్వాష్ చేస్తున్నా, ఇదిగో సీసా. పోయిన సీజన్లో ఇంట్లోనే 140 సీసాలు చేశా, అన్నీ అయిపోయాయి. సీసాకి 55 ఖర్చు, 90కి వేస్తా. చేత్తో పిండితే రోజుకి ఇరవై కిలోలే అవుతుంది, పండు ఒక్కరోజే ఉంటుంది. పిండే మెషినుకి, సీసాలు నింపేదానికి 6 లక్షలు కావాలి. నా వాటా 60 వేలు సిద్ధంగా ఉంది."

తెలుగులో మాటలు పొడుగు, నిముషానికి నాకు వంద దాటడంలేదు. ఇంగ్లీషు లెక్కన 150 మాటలు రాసుకుంటే ఊపిరాడక చస్తారు, ఈ ముక్క కూడా క్లాసులో ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టుకున్నా.

మూడు వారాల తర్వాత అదే బ్యాంకుకి వెళ్ళా, సీసా పట్టుకుని. మేనేజరు గారు మధ్యలో ఫోను ఎత్తలేదు. మొదట అడిగింది "గంజి వేస్తే పులుపు వాసన రాదా?" అని, గ్లాసు తెప్పించి తాగారు. లోన్ వచ్చేసిందని కాదు, మెషినుకి రెండు కొటేషన్లు తెమ్మన్నారు, ఫైలు మాత్రం ఈసారి డ్రాయర్లో కాకుండా టేబులుమీదే ఉంది. అత్తయ్య మాత్రం గంజి చిట్కా తనదైతే పేరు అమ్మమ్మకి వెళ్ళిపోయిందని అలిగింది, అది వేరే కథ.

మిగతా చిల్లర సంగతులు: సర్టిఫికెట్లో నా ఇంటిపేరు తప్పు. వాట్సాప్ గ్రూపులో కలిపారు, అందులో రోజూ "పిచ్ డెక్ డిజైన్ 4,999కే" అని వస్తుంది, తీసుకోకండి, బ్యాంకు పనికి స్లైడ్ల డెక్కులు అక్కర్లేదు. పర్లాకిమిడి, పాతపట్నం వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ముందురోజే వెళ్ళి పడుకోండి, తెల్లారగట్ల బస్సెక్కి వెళ్తే ఆ ఏసీలో నిద్ర ఆగదు. ఐడియా ఇంకా తలలోనే ఉన్నవాళ్ళు ఇప్పుడే వెళ్ళొద్దు, ముందు పది సీసాలో, పది చీరలో, ఏదో ఒకటి అమ్మి చూసి వెళ్ళండి, అప్పుడు ఆ మాస్టారి ప్రశ్నలకి మీదగ్గర జవాబులుంటాయి. ఇంగ్లీషు రాదని మాత్రం ఆగొద్దు.

వచ్చే బ్యాచ్‌కి మా చెల్లెల్ని పంపుదామని ఫోన్ చేసి, రెండోరోజు మధ్యాహ్నం ఒక్కటే అయితే ఎంత తీసుకుంటారని అడిగా. అలా విడిగా ఇవ్వం మేడం, ప్యాకేజీ అన్నారు. ఆ మాస్టారు ఈసారి వస్తారా అంటే, కనుక్కుని చెప్తామన్నారు, ఇంకా చెప్పలేదు.